బానెట్ కింద గలగల

నేను డ్రైవింగు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట. ఈ ముక్క ముందే చెప్పేస్తే, తరువాత నేను చేసిన తలతిక్క పని చూసి మీరు మరీ ఆశ్చర్యపోరు.

మా ఆయన మికోలా మంచివాడే గానీ, స్టీరింగు ముందు నన్ను కూర్చోనిచ్చే ఘటం కాదు. పెళ్ళయిన నాటి నుంచీ ట్రక్కులో నాది కిటికీ పక్క సీటే. చర్చికైనా, బజారుకైనా, పక్క ఊరి ఆసుపత్రికైనా ఆయన తీరిక చూసుకుని తీసుకెళ్తే వెళ్ళడం, లేకపోతే ఇంట్లో కూర్చోవడం. ఆయన పోయాక ఆ ట్రక్కు షెడ్డు ముందు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఒక రోజు మా ఆడపడుచు లెస్యా వచ్చి తాళాలు నా ఒళ్ళో పడేసి, "మా అన్నయ్య ఇప్పుడొచ్చి అడ్డం పడేది లేదుగా. లే నెటీ వదినా, ఎక్కు" అంది. గోధుమ కోసేసిన బోడి పొలంలో నేర్చుకున్నాను. కంచె గుంజలు రెండు విరగ్గొట్టాను. మొదటిసారి ఒక్కదాన్నే ఊళ్ళోకి వెళ్ళి, పోస్టాఫీసు ముందు బండి ఆపి దిగినప్పుడు సంతోషం పట్టలేక ఏడ్చేశాను. దారిన పోయేవాళ్ళు నాకేదో చావుకబురు వచ్చిందనుకుని ఓదార్చారు.

అదీ ఆ ట్రక్కు సంగతి. మట్టి రంగుది. తలుపుల కింద తుప్పు. హీటరుకి తెలిసినవి రెండే పనులు, మాడ్చడం, మానేయడం. అయినా అది చేజారితే నేను మళ్ళీ కిటికీ పక్క సీటుకే, అదీ ఎవరైనా దయతలచి ఎక్కించుకుంటే.

అలాంటి ట్రక్కు ఇంజన్లో, కోతలు అయిపోయిన కొద్ది రోజులకి, ఒక గలగల మొదలైంది.

మొదట్లో ఉందా లేదా అన్నట్టుండేది. రానురాను పెరిగింది. బండి నిలబడి ఉన్నంతసేపూ ఏమీ ఉండదు. కంకర రోడ్డెక్కి కాస్త వేగం అందుకోగానే, ముఖ్యంగా మిట్ట ఎక్కేటప్పుడు, బానెట్ కింద ఎక్కడో గలగలగల. గ్యారేజీ నడిపే క్లిఫ్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను ఇంజన్ ఆన్ చేసి ఎంతసేపు విన్నా అది కిక్కురుమనలేదు. తారు రోడ్డు మీద ఊరంతా ఓ చుట్టు తిప్పుకొచ్చాడు. అప్పుడూ అంతే. "పిన్నిగారూ, ఏమీ అనుకోకండి, చెవులు ఎప్పుడు చూపించుకున్నారు?" అని అడిగాడు. అతని గేటు దాటి కంకర మీదకి మళ్ళానో లేదో, మళ్ళీ గలగల. నన్ను వెక్కిరిస్తున్నట్టే అనిపించింది.

పొద్దున్నే మా ఊరి మగాళ్ళంతా కేఫ్‌లో పొడుగు బల్ల చుట్టూ చేరతారు. కెనడాలో మా సస్కాచువాన్ వైపు ఏ ఊరికెళ్ళినా ఆ బల్ల ఉంటుంది. వాన ఎప్పుడు పడుతుందో, ప్రభుత్వం ఎప్పుడు పడిపోతుందో, ఎవరి మోకాలు ఎందుకు నొప్పిపుడుతోందో అక్కడే తేలుతుంది. ఆడవాళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చోరు. కూర్చోకూడదని ఎవరూ అనలేదు గానీ, కూర్చోరు. ఆ రోజు నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"రా వదినా," అన్నాడు ఆర్విల్. ధాన్యం గోదాములో పనిచేసి రిటైరయ్యాడు, మా ఆయనకి స్నేహితుడు. "నీ బండి వస్తుంటే మా వంటింట్లోకి వినిపిస్తోంది. చెంచాల పెట్టెని మెట్ల మీంచి ఎవరో దొర్లిస్తున్నట్టుంది."

"విన్నావుగా! ఈ క్లిఫ్‌కి చెప్పు, నా చెవులు బానే ఉన్నాయని."

"పొగ గొట్టం రేకు వదులైంది, అంతే," అన్నాడు ఆర్విల్.

"కాదు, ఫ్యాను బెల్టు దగ్గర చక్రం," అన్నాడు క్లిఫ్, నిన్నటిదాకా ఏ చప్పుడూ లేదన్నవాడు.

మా చర్చి ఫాదర్ యారెమా కూడా ఊరుకోలేదు. "నాకైతే బానెట్టే సరిగా కూర్చోవట్లేదనిపిస్తోందమ్మా. మా బాబాయి బండికి అచ్చం ఇలాగే ఉండేది."

బల్ల చివర హాల్వర్ కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. అతని గురించి కొంచెం చెప్పాలి. నా పొలం కౌలుకి చేసేది అతనే. నార్వే వాళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, మాట పొదుపు. పొలంలో కోత నడిచినన్నాళ్ళూ అతనికి సాయంత్రం భోజనం నేనే పట్టుకెళ్తాను. గిన్నె మూత గట్టిగా బిగించి, బానెట్ ఎత్తి ఇంజన్ మీద పెట్టి తీసుకెళ్తే, పొలం చేరేసరికి కూర పొయ్యి మీంచి దించినట్టే ఉంటుంది. ఇక్కడ అందరం చేసే పనే. తిన్నాక గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు, అదీ ఇక్కడి మర్యాదే. హాల్వర్ ప్రతిసారీ ఏదో ఒకటి పెట్టి ఇచ్చేవాడు, నాలుగు గుడ్లో, గుప్పెడు బఠాణీలో. కానీ ఈసారి కోతల ఆఖరి రోజు గసగసాల రొట్టె పెట్టిచ్చిన నా చిన్న రేకు డబ్బా మాత్రం తిరిగి రాలేదు. ఖాళీదీ రాలేదు, నిండుదీ రాలేదు. పైగా ఆ రోజు నుంచీ మనిషి నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. డబ్బా పోతే పోయింది, ఆ తిప్పుకోవడమే నాకు గుచ్చుకుంది. అడుగుదామంటే నాకు అహం.

అలాంటివాడు అప్పుడు కప్పులోంచి తలెత్తకుండానే అన్నాడు, "ఇంజన్ పనయిపోయినట్టుంది. ఈ చలికాలం దాటదు. నాకిచ్చెయ్యండి. విడి సామాన్ల కింద విప్పుకుంటాను."

విప్పుకుంటాడట! నా ట్రక్కుని! అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూడండి హాల్వర్ గారూ," అన్నాను లేచి నిలబడి. "ఆదివారం మన చర్చి విందు ఉంది. ఆ లోపల ఈ గలగల ఏంటో కనిపెట్టి దాని నోరు మూయిస్తాను. మూయించలేకపోతే తాళాలు మీ చేతిలో పెడతా. ఊరికే తీసుకుపోయి ఏ ముక్కకా ముక్క విప్పుకోండి." చెయ్యి చాపాను.

హాల్వర్ నా చేతిని చూశాడు, నన్ను చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ అందరూ చూస్తుంటే ఏం చేస్తాడు? చెయ్యి కలిపాడు. మా ఊళ్ళో చెయ్యి కలిపాక ఇక వెనక్కి పోవడం ఉండదు. కావాలంటే ఊరు మారాలి.

బయటికొచ్చి ట్రక్కులో కూర్చున్నాక తెలిసింది నేనేం చేశానో.

"నీకు పిచ్చి గానీ పట్టిందా వదినా?" అంది లెస్యా విని. "రేడియేటరు ఎటుందో తెలీదు, పందెం కడతావా?"

"నేర్చుకుంటాను. డ్రైవింగు నేర్చుకోలేదూ?"

"దానికి రెండు గుంజలతో పోయింది. దీనికి బండే పోతుంది."

తిడుతూనే సాయానికొచ్చింది. కర్ర చెంచా కొస ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించుకుంటే లోపల చప్పుడు ఎక్కడిదో తెలుస్తుందని మికోలా అనేవాడు. ఆయన చెప్పినవాటిలో అదొక్కటి నాకు గుర్తుంది. క్యాబేజీ కూర కలిపే పొడుగు చెంచా పట్టుకుని ఇంజన్ మీదకి వంగి అంగుళం అంగుళం విన్నాను. చిటపటలు విన్నాను, బుసలు విన్నాను, గలగల మాత్రం వినలేదు. బండి కదిలితే గాని అది పలకదు, కదిలే బండి బానెట్ ఎత్తి వినడం ఎలాగో నాకు తట్టలేదు. లెస్యాని నడపమని నేను బంపరు మీద కూర్చుంటానన్నాను. "నువ్వు పోతే నీ బండి నాకే వస్తుంది, ఆశ పెట్టకు," అని తాళాలు లాక్కుంది.

ఈలోగా ఇంకో వింత మొదలైంది. మా ఊళ్ళో ఎవరూ బండికి తాళం వేయరు. తాళం చెవి దాని చోటే వేలాడుతూ ఉంటుంది. నేను లైబ్రరీ ముందు ట్రక్కు ఆపి వెళ్ళొచ్చేసరికి, గలగలకి తోడు ఒక కీచు చేరింది. మర్నాడు కొట్టుకి వెళ్ళొచ్చేసరికి కీచు పోయి, టపటప వచ్చింది. ఆ తరువాత చర్చిలో పాటల సాధన అయి బయటికొచ్చేసరికి టపటప తగ్గి, ముక్కుతో పాడుతున్నట్టు ఒక సన్నటి రాగం మొదలైంది. గలగల మాత్రం దాని మానాన అది. బానెట్ ఎత్తి చూస్తే పొగ గొట్టానికి పీచు పండ్ల డబ్బా రేకు చుట్టి ఉంది! నేను చుట్టలేదు. ఒక బోల్టు కొత్తగా మెరుస్తోంది. బానెట్ అంచున చర్చి బల్లల మీద వేసే మెత్త ముక్క ఇరికించి ఉంది.

"ఇది హాల్వర్ పనే," అన్నాను. "పందెం గెలవడానికి నా బండిని పాడు చేస్తున్నాడు."

"ఛ, ఆయన అలాంటివాడు కాదు."

"డబ్బా తిరిగివ్వనివాడు ఏ పనైనా చేస్తాడు," అన్నాను. కోపంలో నాకు అది బ్రహ్మాండమైన వాదనలా తోచింది.

విందుకి ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, ఊళ్ళో ఆడవాళ్ళమంతా చర్చి హాల్లో పెరోగీలు ఒత్తుతాం. పిండి బిళ్ళలో బంగాళదుంప కూర పెట్టి అంచులు నొక్కడం. వందలమంది తింటారు కాబట్టి సాయంత్రం దాకా ఎవరూ బయటికి రారు. అది ఊరందరికీ తెలుసు. నా ట్రక్కుని కావాలనే హాలు వెనక, పొద చాటున పెట్టాను. లెస్యాకి కన్ను గీటి, ఇద్దరం పిండి చేతులతోనే వెనక తలుపులోంచి జారుకుని, ట్రక్కు వెనక తొట్టిలో, విందుకి తెచ్చిన బంగాళదుంపల బస్తాల మధ్య పడుకుని టార్పాలిన్ కప్పుకున్నాం.

"దొరికితే ఏం చేస్తావు?" అని గుసగుసలాడింది లెస్యా.

"పరువు తీస్తాను. మోచెయ్యి తీయ్, నా డొక్కలో గుచ్చుతోంది."

ఎంతోసేపు ఆగనక్కర్లేకపోయింది. అడుగుల చప్పుడయింది. బానెట్ లేచింది. టార్పాలిన్ కన్నంలోంచి చూస్తే ఆర్విల్! పొగ గొట్టం దగ్గర ఏదో బిగిస్తూ, "పాపం, పిచ్చి వదిన," అని గొణుగుతున్నాడు. బిగించి, అటూ ఇటూ చూసి, దొంగలా వెళ్ళిపోయాడు. అతను మూల తిరిగాడో లేదో క్లిఫ్ వచ్చాడు. లోపలికి తొంగి చూసి, "ఎవర్రా ఈ రేకు చుట్టిన మేధావి?" అని ఆర్విల్ బిగించింది విప్పి పారేసి, ఫ్యాను దగ్గర తన పని తాను చేసుకుని పోయాడు. తరువాత ఫాదర్ యారెమా, అంగీ చేతులు పైకి మడుచుకుని, చంకలో ఇంకో మెత్త ముక్కతో. బానెట్ మూసి దాని మీద సిలువ గుర్తు కూడా గీసి వెళ్ళాడు.

నవ్వాపుకోలేక లెస్యా బస్తాని కొరుకుతోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మొహం మీద నన్ను వెటకారం చేసినవాళ్ళంతా, నా ట్రక్కు నాకే ఉండాలని, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి పోతున్నారు. చేసిన మేలు బయటపడితే తలవంపులనుకునే రకం మా ఊరివాళ్ళు.

"అయితే హాల్వర్ కాదుగా," అంది లెస్యా.

అంతలో హాల్వరే వచ్చాడు, పెద్ద పనిముట్ల పెట్టెతో.

"చూశావా!" అన్నాను. "ఇప్పుడు చూడు ఏం విరగ్గొడతాడో."

అతనేమీ విరగ్గొట్టలేదు. క్లిఫ్ వదిలేసిన బోల్టు బిగించాడు. తీగలన్నీ ఒక్కొక్కటే కదిపి చూశాడు. చాలా సేపు, చాలా నిదానంగా, ఓపిగ్గా. తరువాత బానెట్ మూసి, మాకేమీ తెలిసే లోపల స్టీరింగు ముందు కూర్చుని బండి స్టార్ట్ చేశాడు!

లెస్యా నా చెయ్యి పట్టుకుంది. బండి కదిలింది. బంగాళదుంపలతో పాటు మేమూ దొర్లాం. ఊరి బయటికొచ్చి కంకర రోడ్డు పట్టుకుని మిట్ట ఎక్కుతుండగా, వచ్చింది గలగల, ఎప్పటికంటే గట్టిగా. బండి అడుగు రేకుకి నా చెవి ఆని ఉంది. ఇన్నాళ్ళూ ముందు కూర్చుని వింటే అది ఇంజన్లో ఎక్కడైనా కావచ్చు అనిపించేది. వెనక పడుకుని వింటే మాత్రం ఇంజన్‌కీ, సీట్ల ముందున్న రేకు గోడకీ మధ్యలోంచి వస్తోందని స్పష్టంగా తెలిసింది.

మిట్ట పైన హాల్వర్ బండి ఆపేశాడు. సీటు వెనక కిటికీ అద్దం సగం తెరిచే ఉంటుంది, దాని గొళ్ళెం ఎప్పుడో ఊడింది. అతను స్టీరింగు మీద తల ఆనించడం కన్నంలోంచి కనిపించింది.

"నోరు ముయ్యవే తల్లీ," అన్నాడు ట్రక్కుతో. మాట పొదుపు అన్నానే, ఆ మనిషే. "నీకు దణ్ణం పెడతాను. రేపు ఆవిడ తాళాలు తెచ్చి నా చేతిలో పెడితే నేనేం చెయ్యను? నీ ముక్కలు నాకెందుకు? ఇచ్చినదానికి ఔననలేదు, కాదనలేదు. కాదంటే తిరిగైనా ఇవ్వాలిగా! ఆ ఉక్రోషంలో నోరు జారాను. ఇప్పుడు నీ పాపం కూడా నాకే చుట్టుకుంటోంది."

నేను లెస్యా వైపు చూశాను. లెస్యా నా వైపు చూసింది. ఏమిచ్చాడు నాకు? నాకివ్వాల్సిందే ఇవ్వలేదు కదా! అంతలో చేతుల పిండి లెస్యా ముక్కులోకి పోయి, పెద్ద తుమ్ము తుమ్మింది.

హాల్వర్ బండిలోంచి ఎగిరి దూకినంత పని చేశాడు. ఇక దాక్కుని లాభం లేదు. టార్పాలిన్ తీసి లేచి కూర్చున్నాను, తల నిండా పిండి, దుంపల మట్టి.

"నాకు మీరేమిచ్చారు?" అని అడిగాను.

అతను టోపీ కిందకి లాక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ముందు దిగు వదినా," అంది లెస్యా. "చప్పుడు ఎక్కడిదో నేనూ విన్నా. అది చూడండి, తరువాత పోట్లాడుకుందురు గానీ."

బానెట్ ఎత్తాం. నేను సీటు కింద నుంచి పొడుగు చెంచా తీసి ఇంజన్ వెనక గోడకి ఆనించి చెవి పెట్టాను. "లెస్యా, బంపరెక్కి గెంతు," అన్నాను. నా ఆడపడుచు మంచి బరువున్న మనిషి. రెండు గెంతులకే ట్రక్కు అంతా ఊగింది. చెంచాలోంచి నా చెవిలోకి గలగలమంది. "ఇక్కడే! ఇక్కడే ఉంది! గోడకీ ఇంజన్‌కీ సందులో, కిందకి!"

నా చెయ్యి అందలేదు. హాల్వర్ చొక్కా చెయ్యి పైకి లాగి, భుజం దాకా సందులోకి దూర్చి తడిమాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. మెల్లగా చెయ్యి బయటికి తీశాడు. మసి పట్టి, ఒక పక్క సొట్టపోయిన నా రేకు డబ్బా.

"మీరు... ఇది తీసుకోనే లేదా?" అన్నాడు.

"నా డబ్బా నీ చేతిలో పెట్టుకుని నన్నడుగుతావేం?" గారూ గీరూ ఎప్పుడు ఎగిరిపోయాయో నాకే తెలీదు.

"కోతల ఆఖరి రోజు... మీరు ఇంజన్ మీద గిన్నె పెట్టే చోటే పెట్టాను. మళ్ళీ బానెట్ ఎత్తి గిన్నె పెడతారు కదా, చూస్తారు కదా అని."

నేను ఆ రోజు గిన్నెని సీటు మీదే పెట్టుకుని ఇంటికొచ్చాను. వెచ్చపెట్టడానికి అందులో ఏముంది గనక? కోతలయ్యాక బానెట్ ఎత్తే పని కూడా లేకపోయింది. దారి కుదుపులకి డబ్బా జారి వెనక సందులో పడి, ఇన్నాళ్ళూ అక్కడ కూర్చుని మొత్తుకుంటోంది.

మూత తీశాను. లోపల ఒక చేతిరుమాలు, కుదుపులకి చిరిగి పీలికలైపోయింది. అది చిరిగేకొద్దీ చప్పుడు పెరిగిందన్నమాట. ఆ పీలికల మధ్య ఒక వెండి పతకం. చుట్టూ చిన్న చిన్న బిళ్ళలు వేలాడుతున్నాయి. నార్వే వాళ్ళ ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకీ పండగలకీ గుండెల మీద పెట్టుకునేది. హాల్వర్ వాళ్ళమ్మ పెట్టుకుంటే చూశాను. అలాంటిది కొడుకులు ఎవరికి పడితే వాళ్ళకివ్వరు. ఎందుకిస్తారో నాకు తెలుసు, లెస్యాకీ తెలుసు.

నాకు ముందు కోపమే వచ్చింది. నా స్వభావం అంత.

"నోరుందిగా నీకు! అడగొచ్చుగా!"

"డబ్బా ఖాళీగా ఇవ్వకూడదు కదా అని..."

"డబ్బాలో గుడ్లు పెడతారు! జామ్ పెడతారు! ఇది పెట్టి ఇంజన్ మీద ఉడకబెడతారా ఎవరైనా?"

లెస్యా బంపరు మీద కూలబడి కళ్ళలోంచి నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. హాల్వర్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. "మీరేమీ అనకపోయేసరికి, ఇష్టం లేదనుకున్నాను," అన్నాడు. "ఇప్పుడైనా చెప్పండి. ఔననండి, కాదనండి. ఏదైనా సరే."

పతకం నా అరచేతిలో ఉంది. మనిషి నాకు ఇష్టమే. ఇష్టం కాకపోతే మొహం తిప్పుకున్నాడని అంత ఉడుక్కుంటానా? కానీ దాని వెనకే ఒక భయం పొడుచుకొచ్చింది. ఆ కిటికీ పక్క సీటు కళ్ళ ముందు కనిపించింది. మంచివాడి పక్కనే కూర్చున్నాను అన్నేళ్ళూ. మంచివాడైతే సరిపోదని నాకు తెలుసు.

"ఒక్కటి అడుగుతాను," అన్నాను. "ఇద్దరం కలిసి వెళ్తే బండి ఎవరు నడుపుతారు?"

హాల్వర్ ట్రక్కుని చూశాడు, రోడ్డుని చూశాడు, తన బూట్లని చూశాడు. "ఆలోచించుకుని చెప్తాను," అన్నాడు.

ఆలోచించుకుంటాడట! అడిగినవాడు అతను, ఆలోచన కూడా అతనికే! పతకం డబ్బాలో పెట్టేసి, డబ్బా జేబులో వేసుకుని, స్టీరింగెక్కి, ఇద్దర్నీ వెనక దుంపల మీద కూర్చోబెట్టి ఊళ్ళోకి తెచ్చి దింపాను. దారంతా ఇంజన్ పట్టులా నడిచింది. నేను మాత్రం లోలోపల గలగలమంటూనే ఉన్నాను.

మర్నాడు విందులో ఊరు ఊరంతా ఉంది. పెరోగీలు, క్యాబేజీ చుట్టలు, టర్కీ కోడి, గోడ పొడుగునా పళ్ళు కూరి కాల్చిన పైల వరస. అందరి తిళ్ళూ అయ్యాక, "రండి, వినండి," అని బయటికి పిలిచాను. వాళ్ళంతా కంచె వెంబడి నిలబడగా, హాలు పక్క కంకర మిట్ట మీదకి ట్రక్కుని ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించాను. చక్రాల కింద కంకర చప్పుడు తప్ప ఏమీ లేదు. చప్పట్లు కొట్టారు.

దిగేసరికి ఆర్విల్ ఛాతీ విరుచుకుని ఉన్నాడు. "పొగ గొట్టం రేకే కదూ వదినా?"

"అదే," అన్నాను.

క్లిఫ్ పక్కకి లాగి, "పిన్నిగారూ, చక్రమే కదా?" అని గుసగుసలాడాడు. చక్రమేనన్నాను. ఫాదర్ యారెమా ఏమీ అడగకుండా బానెట్ వైపు చూసి తల ఊపుతుంటే, "అవును ఫాదర్, మీ బాబాయి బండి లాగే," అన్నాను. ముగ్గురూ ఆనందంగా ఇంకో పై ముక్క తినడానికి లోపలికి వెళ్ళారు. నిజం చెప్పి ముగ్గురి ముఖాలూ ఎందుకు మాడ్చాలి?

హాల్వర్ అందరి ముందూ నా దగ్గరికొచ్చి, "ఓడిపోయాను," అన్నాడు, గెలిచినవాడి మొహం పెట్టుకుని. అంతే అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని ఆగాను. అనలేదు. గిన్నెలు కడిగేటప్పుడు ఆ కోపమంతా వాటి మీద చూపించాను. "గీతలు పడతాయి వదినా," అని లెస్యా లాక్కుంది.

ఇంటికి బయల్దేరాను. బయట జనం ఇంకా ఉన్నారు, కబుర్లు చెప్పుకుంటూ, ఒకరికొకరు మిగిలిన వంటలు కట్టి ఇచ్చుకుంటూ. స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పాను. అవతలి తలుపు తెరుచుకుంది. హాల్వర్ టోపీ తీసి, తల వంచి, నా పక్కన కిటికీ సీట్లో ఎక్కి కూర్చుని తలుపు వేసుకున్నాడు. అతని ట్రక్కు చర్చి ముందే ఉంది. కంచె దగ్గర మాటలు ఆగిపోయాయి.

"ఇంతసేపు పట్టిందా ఆలోచించడానికి?" అన్నాను.

"పక్క సీట్లో కూర్చుని ఎప్పుడూ వెళ్ళలేదు నెటీ," అన్నాడు, రెండు చేతులతో తలుపు పిడి గట్టిగా పట్టుకుంటూ. "కళ్ళు తిరుగుతాయేమోనని భయమేసింది. ఈ పొద్దున మా మేనల్లుణ్ణి నడపమని, పక్కన కూర్చుని చూసుకున్నా. ఫరవాలేదు. అలవాటైపోతుంది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి ఎవరూ ఓదార్చనక్కర్లేదు. ఊరంతా చూస్తుండగా గేరు వేసి, హాల్వర్‌ని తీసుకుని బయల్దేరాను.